గంజి పెట్టిన పారాచూట్

ఏలూరులో మా కొట్టున్న వీధిలో నాకు కోపిష్టి మాస్టరని పేరు. అబద్ధం కాదు. జాకెట్టు బిగుతయిందని వచ్చిన ఒకావిడతో "జాకెట్టు నేను కుట్టానండీ, పెళ్ళిళ్ళలో తిన్నది మీరండీ" అన్నవాణ్ణి. ఆవిడ మళ్ళీ రాలేదు. నా కుట్టును ఎవరైనా మాటంటే ఊరుకోను, అంతే. మా నాన్న నాకు ఇచ్చినవి ఒక కాలి మిషను, ఒక పెద్ద కత్తెర, ఈ కోపం. మూడూ ఇప్పటికీ బాగానే పనిచేస్తున్నాయి.

సెల్ ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ వస్తున్న రోజులు. ఒక శుక్రవారం మధ్యాహ్నం నమాజు నుంచి వచ్చి కొట్టు తీస్తుంటే, ముప్పై ఏళ్ళ మనిషి ఒకతను వీపున సంచీతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ముదినేపల్లి వైపు రైతుల అబ్బాయి. వాళ్ళమ్మగారి జాకెట్లు చాలా ఏళ్ళుగా నేనే కుడుతున్నాను. తండ్రి లేడు, పొలం ఆవిడే చేయించుకుంటుంది. కొడుకు ఆర్మీలో పారాచూట్ దళంలో పనిచేసి వచ్చేసి, టవర్లు కట్టే కంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా చేరాడని ఆవిడే చెప్పింది.

"మాస్టారూ, చిన్న కుట్టండీ" అంటూ సంచీలోంచి మనిషిన్నర పొడవున్న నైలాన్ పట్టీ ఒకటి తీశాడు. దాని చివర బుల్లి గొడుగు లాంటి గుండ్రటి గుడ్డ ఉంది. పట్టీ, గుడ్డ కలిసే చోట ఎలుక కొరికి దారాలు లేచిపోయాయి.

"ఏంటండీ ఇది?"

"పైలట్ చూట్ అంటారండీ. దూకగానే దీన్ని చేత్తో గాల్లోకి విసరాలండీ. ఇది గాలి పట్టి ఈ పట్టీని లాగుద్ది, పట్టీ వెళ్ళి సంచీ మూతకున్న పిన్ను లాగుద్ది, అప్పుడు పెద్ద పారాచూట్ బయటికొస్తదండీ."

"విమానంలోంచి దూకుతారా?"

"కాదండీ. టవరు మీంచండీ."

నేను కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాను. అతను ఓపిగ్గా చెప్పాడు. మేడలు, టవర్లు, వంతెనలు, కొండ అంచులు, ఇలా కదలకుండా ఉన్నవాటి మీంచి దూకడాన్ని బేస్ జంపింగ్ అంటారట. ఆర్మీలో ఉండగా పరిచయమైన ఒక విదేశీ మిత్రుడి దగ్గర నేర్చుకున్నాడట. ఇప్పటికే చాలాసార్లు దూకాడట. మా వైపు దూకకపోవడానికి కారణం భయం కాదు, దూకడానికి ఏమీ లేకపోవడం. కొల్లేరు చుట్టుపక్కల ఎత్తయినది ఏదైనా ఉందంటే చేపల చెరువు గట్టే. అది కూడా వానాకాలంలో కుంగిపోతుంది.

ఇప్పుడు దొరికింది. కొల్లేటి లంకల వైపు వెళ్ళే దారిలో, చెరువుల మధ్యన, నాలుగు వందల అడుగుల పాత వైర్‌లెస్ టవరు ఒకటి ఎవరికీ పనికిరాకుండా ఉండేది. దాన్ని విప్పి తీసేసే పని ఇతని కంట్రాక్టరుకే వచ్చింది. విప్పడం మొదలెట్టే ముందు ఒక్కసారి దూకడానికి ఆయన ఒప్పుకున్నాడు.

"నాలుగు వందల అడుగులు పడ్డానికి ఎంతసేపు పడుతుందండీ?" అనడిగాను.

"పారాచూట్ తెరుచుకోకపోతే ఐదు సెకన్లండీ."

ఐదు సెకన్లలో నేను సూదిలో దారం కూడా ఎక్కించలేను. "అది తెరుచుకోకపోతే రెండో పారాచూట్ ఉంటుంది కదా?"

"ఉండదండీ. దాన్ని తెరిచే టైము ఉండదు కదండీ. అందుకే ఉన్న ఒక్కదాన్నీ జాగ్రత్తగా చూసుకోవాలండీ."

నాకు ఒళ్ళు మండింది. "ఏమయ్యా, పెళ్ళికి షేర్వాణీ కుట్టమంటే కుడతాను గానీ చావుకి పట్టీలు కుట్టను. వెళ్ళి మీ ఆర్మీవాళ్ళ చేత కుట్టించుకో" అని లేచాను. అతను లేవలేదు. మెల్లగా, "మాస్టారి కుట్టు ఊడగా ఈ జన్మలో చూడలేదని అమ్మందండీ" అన్నాడు.

నేను మళ్ళీ కూర్చున్నాను. పొగడ్తకి లొంగని టైలరు ఎక్కడైనా ఉంటే నాకు చూపించండి.

మామూలు దారం పనికిరాదని తాడేపల్లిగూడెంలో లారీ టార్పాలిన్లు కుట్టే ఆయన దగ్గర్నుంచి నైలాన్ దారం తెప్పించాను. లాగినా తెగకుండా అటూ ఇటూ పోయే వంకర కుట్టు మూడు వరసలు వేశాను. అప్పటికీ నాకు నమ్మకం చాలలేదు. మా ఊళ్ళో ధాన్యం బస్తా అంటే డెబ్భై ఐదు కిలోలు. ఒక బస్తా తెప్పించి, ఆ పట్టీతో కొట్టు దూలానికి వేలాడదీశాను. మూడు రోజులు వేలాడింది. కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాడూ దానికి తల కొట్టుకుని, "ఏంటి మాస్టారూ, ధాన్యం వ్యాపారం మొదలెట్టారా?" అని అడిగాడు. ప్రతివాడికీ గట్టిగానే సమాధానం చెప్పాను. కుట్టు పోగు కూడా కదల్లేదు.

అక్కడితో ఊరుకోవలసినవాణ్ణి, ఊరుకోలేదు. కుట్టు నిలబడితే సరిపోదు కదా, ఇంకేవేవి పాడవుతాయో తెలియాలి. సాయంత్రాలు అతన్ని మా డాబా మీదికి రమ్మనేవాణ్ణి. పెద్ద పారాచూట్ పరిచి చూపించాడు. గొడుగులా గుండ్రంగా ఉంటుందనుకున్నాను. ఏడు పెద్ద దిండు గలీబులు పక్కపక్కనే కలిపి కుట్టినట్టుంది. ముందు వైపు నోళ్ళు తెరిచి ఉంటాయి, వెనక వైపు మూసి ఉంటుంది. గాలి ముందు నుంచి దూరి గలీబులన్నీ ఉబ్బితే అది రెక్కలా నిలబడి మనిషిని మోస్తుంది.

"ప్రమాదాలన్నీ చాలావరకు మడతలోనే ఉంటాయండీ మాస్టారూ" అన్నాడు. కుడివైపు మడతలూ ఎడమవైపు మడతలూ సమానంగా లేకపోతే, తెరుచుకోగానే అది ఒక పక్కకి తిరిగి మనిషిని తిన్నగా టవరు మీదికే తీసుకుపోతుందట. తాళ్ళు మెలిపడితే మనిషి బొంగరంలా తిరుగుతాడట. పట్టీ చేతికి చుట్టుకుంటే పైలట్ చూట్ గాల్లో ఊరికే ఎగురుతూ ఉంటుందట, పిన్ను మాత్రం రాదట. ఆత్రంలో కాలి బెల్టు పెట్టుకోవడం మరచి దూకినవాళ్ళు కూడా ఉన్నారట. మడతలు సమానంగా పెట్టడం నేను ఇతనికి నేర్పగలను, కుచ్చుల లంగాలు కుట్టేవాణ్ణి. పెట్టాను కూడా. అతను టేపుతో కొలిచి చూసి తల ఊపాడు.

ఒక్క విషయంలో మాత్రం నన్ను నమ్మలేదు. నేను గుండుసూదులు నోట్లో పెట్టుకుని పనిచేస్తాను. పారాచూట్ దగ్గరికి రాబోయే ముందు నా నోరు తెరిపించి చూసేవాడు. డాక్టరు కాకుండా నా నోరు అలా పరీక్ష చేసినవాడు అతనొక్కడే.

కొలతల పుస్తకం వెనక పేజీలో నేనొక జాబితా రాశాను. దూకే ముందు నేను చదవాలి, అతను జవాబు చెప్పాలి. డాబా మీద రోజూ ప్రాక్టీసు.

"ఎడమ కాలి బెల్టు?"

"పెట్టానండీ."

"కుడి కాలిదో?"

"పెట్టానండీ."

"పిన్ను?"

"తిన్నగా ఉందండీ."

"పట్టీ చేతికి చుట్టుకుందా?"

"లేదండీ."

"గాలి?"

"టవరు నుంచి బయటికి వీస్తందండీ."

"టవరు వైపు వీస్తే?"

"దిగి ఇంటికెళ్ళిపోతానండీ."

పక్క డాబా మీద వడియాలు పెట్టుకునే మా ఆవిడ ఇదంతా విని, "సొంత కొడుక్కి పంట్లాం కుట్టడానికి మూడు నెలలు పట్టిందీయనకి" అని వడియాలతో చెప్పుకుంది.

వాళ్ళమ్మగారికి అతను ముందే చెప్పేశాడు. దాచే మనిషి కాదు. ఆవిడ పది రోజులు కొడుకుతో మాట్లాడలేదట. అన్నం మాత్రం పెట్టేదట, కంచం కాస్త గట్టిగా. పదకొండో రోజున నా కొట్టుకొచ్చింది. "మాస్టారూ, వాడు మానేలా లేడండీ. నేను మానమంటే నాకు తెలీకుండా ఎక్కడో దూకుతాడు. మీరు దగ్గరుండి అన్నీ చూస్తానంటే సరేనంటానండీ" అంది. ఆవిడకి నా మీదున్నది జాకెట్ల నమ్మకం. ఆ నమ్మకం మీద కొడుకును నాకు అప్పగించింది. నేను "అలాగేనండమ్మా" అన్నాను గానీ ఆవిడ వెళ్ళగానే పట్టీ తీసి మూడు వరసల కుట్టూ మళ్ళీ వేలితో తడిమి చూసుకున్నాను.

దూకే రోజు ఆదివారం అనుకున్నాం. సోమవారం నుంచి టవరు విప్పేస్తారు. అంతకుముందు ఆదివారం అతను తాడేపల్లిగూడెంలో పాతకాలపు విమానాల రన్‌వే మీదికి వెళ్ళి, పారాచూట్‌ను గాల్లో నిలబెట్టి పట్టుకోవడం ప్రాక్టీసు చేశాడు. ముందురోజు వాన కురిసిందేమో, గుడ్డంతా బురదయింది. దాన్ని ఇంట్లో పడేసి టవరు పని మీద వెళ్ళిపోయాడు.

శుక్రవారం నమాజు అయ్యాక డాబా మీదికి తెచ్చాడు. సంచీలోంచి తీస్తుంటే గుడ్డ పటపటమంది. నైలాన్ గుడ్డ చప్పుడు చేయదు. నేను చేత్తో పట్టుకున్నాను. అప్పడంలా నిలబడింది. మడతల్లోంచి నాలుగు కలరా ఉండలు దొర్లాయి.

అతను అక్కడికక్కడే ఇంటికి ఫోను చేసి, ఊరికే అడిగినట్టు అడిగాడు. తర్వాత అతను తల పట్టుకుని కూర్చున్నాడు.

"అమ్మండీ. నలుగురి ముందు మురికి గుడ్డతో దిగుతావేంట్రా అని, కుంకుడుకాయ రసంతో ఉతికి, గంజి పెట్టి, గడ్డివామి మీద ఆరేసిందటండీ."

ఆవిడని తప్పు పట్టడానికి లేదు. మా వైపు అన్నం వార్చే ఇంట్లో గంజి ఉంటుంది. గంజి పెట్టని బట్ట ఉతికిన బట్ట కాదు. ఆవిడ పంచెకీ, దుప్పటికీ, కిటికీ తెరకీ పెట్టినట్టే దీనికీ పెట్టింది. కొడుకు కొత్త బట్టలా పెళపెళలాడుతూ ఆకాశంలోంచి దిగాలని ఆవిడ ముచ్చట.

"ఇస్త్రీ చేయించలేదు కదా?" అన్నాను.

"చేయిద్దామనే అనుకుందటండీ. చాకలాయన చుట్టాలింటికెళ్ళాడట."

ఆ చాకలాయన చుట్టాలు చల్లగా ఉండాలి.

అతను పైకి లేచి, "గంజే కదండీ. నీళ్ళలో తీస్తే పోద్ది" అన్నాడు. తొట్టిలో మూడుసార్లు జాడించి నీడలో ఆరేశాడు. సాయంత్రానికి గుడ్డ మెత్తబడింది. నేనూ తడిమి చూశాను, బాగానే ఉందనిపించింది. "అమ్మకి మాత్రం చెప్పొద్దండీ మాస్టారూ" అన్నాడు. "తన చేత్తో ఇలా చేశానని తెలిస్తే జన్మంతా కుమిలిపోద్దండీ."

"చెప్పను. కానీ మీరు దూకరు. ముందు బస్తా దూకుతుంది" అన్నాను.

అతనికి మొదటిసారి కోపం వచ్చింది. గుడ్డ సంగతి తనకి తెలుసన్నాడు. నాకు టైలరు పనే తెలుసన్నాడు. ఆ మాట నిజమే గానీ అనకూడనిది. నేను లేచి వెళ్ళి, నేను కుట్టిన పైలట్ చూట్‌ను కొట్టు బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి బనీను జేబులో వేసుకున్నాను. "నా కుట్టు కావాలంటే నా మాట వినాలి" అన్నాను. అతను నా జేబు వంక చూసి, "అలాగేలెండి" అన్నాడు. సంచీ, హెల్మెట్టూ కలిపితే అతను సరిగ్గా ఒక బస్తా ధాన్యం తూగుతాడు.

ఆదివారం పొద్దున్నే అందరం టవరు దగ్గర ఉన్నాం. నలుగురంటే నలుగురు కాదు, గట్టు నిండా జనం. సగం మంది నా దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్ళే. బస్తా వాళ్ళమ్మగారే ఇచ్చింది. "తూకం తగ్గకూడదు కదండీ మాస్టారూ, తాలు గింజ లేని బస్తా ఏరి ఇచ్చాను" అంది. చేతిలో పులిహోర క్యారియరు ఉంది. బస్తా తర్వాత కొడుకు దూకుతాడు, దిగాక తింటాడు.

టవరు పక్కన చేపల చెరువు. నీళ్ళలో దిగితే పారాచూట్ తాళ్ళు మనిషికి చుట్టుకుని ముంచేస్తాయట, అందుకని చెరువులో ఒక తాటిదోనె పెట్టారు. దోనె నడిపేది చెరువు కాపలా మనిషి. తాళ్ళు కోయడానికి కూర్చున్నది నేను, మా నాన్న కత్తెరతో. ఆ కత్తెరతో ఒకసారి మా ఆవిడ కాగితం కోసిందని రెండు రోజులు అన్నం తినలేదు. ఇప్పుడు దాన్ని ఒళ్ళో పెట్టుకుని, దోనె కాస్త కదిలినా కలిమా చదువుకుంటూ కూర్చున్నాను. నాకు ఈత రాదు. ఆ సంగతి జాబితాలో రాయలేదు.

పైన అతనూ ఇద్దరు పనివాళ్ళూ బస్తాకి పారాచూట్ బెల్టులు తగిలించారు. బస్తాకి చేతులుండవు, పైలట్ చూట్ విసరలేదు. అందుకని పట్టీని సన్న దారంతో టవరుకి కట్టారు. బస్తా పడుతూ ఉంటే పట్టీ బిగిసి పిన్ను ఊడాలి, ఆ తర్వాత దారం తెగిపోవాలి. పైనుంచి అతను చేస్తే నా ఫోను మోగింది. నేను జాబితా చదివాను. కాలి బెల్టుల దగ్గర "బస్తాకి కాళ్ళు లేవండీ" అన్నాడు. "అయినా చెప్పాలి" అన్నాను. "పెట్టామండీ" అన్నాడు.

తోశారు.

పిన్ను ఊడింది. దారం తెగింది. నా కుట్టు పైలట్ చూట్‌ను గట్టిగా పట్టుకుని ఉండటం నాకు కింద నుంచే కనిపించింది, సిగ్గు విడిచి చెప్పాలంటే ఆ క్షణంలో కూడా సంతోషించాను. పెద్ద పారాచూట్ ఒక ముద్దలా బయటికొచ్చింది. ఎడమ వైపు గలీబులు రెండు ఉబ్బాయి. మిగతావి ఉబ్బలేదు, ఒకదానికొకటి అతుక్కుపోయి అలాగే వేలాడాయి. బస్తా గిర్రున తిరుగుతూ టవరును పట్టి ఉంచే ఇనప తీగను రాసుకుని, మా దోనెకి పది గజాల దూరంలో చెరువులో పడింది. ఎగిరిన నీళ్ళు గట్టు మీది జనాన్ని తడిపాయి. దోనె తిరగబడింది. నేను మునిగి, చచ్చాననుకుని, కేకలు పెట్టి, తర్వాత కాళ్ళు కింద ఆనితే లేచి నిలబడ్డాను, నీళ్ళు నడుము దాకానే ఉన్నాయి. కత్తెర మాత్రం వదల్లేదు. బస్తా పగిలి ధాన్యం మునుగుతూ ఉంటే చేపలు నా కాళ్ళ చుట్టూ పండగ చేసుకున్నాయి. కాపలా మనిషి, "ఈ పూట మేత ఖర్చు లేదండీ" అన్నాడు. గట్టు మీద అందరూ నవ్వారు.

నేనూ నవ్వుతూనే గట్టెక్కాను. అప్పుడు వాళ్ళమ్మగారిని చూశాను. క్యారియరు పట్టుకుని అలాగే నిలబడి ఉంది. బస్తా పడిన చోట నీళ్ళు ఇంకా కదులుతున్నాయి, వాటి వంకే చూస్తోంది. "దాంట్లో మావాడుండాల్సింది కదండీ" అంది. నా నవ్వు ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చింది, ఒళ్ళంతా తడిసే ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

అతను ఆ టవరు మీంచి దూకలేదు. సోమవారం దాన్ని విప్పడం మొదలెట్టారు. తర్వాత కొత్త పారాచూట్ కొనుక్కుని ఎక్కడో కొండల్లో దూకాడు, ప్రతిసారీ ముందు నాకు ఫోను చేసి జాబితా చదివించుకుని మరీ దూకాడు.

ఆ రోజు టవరు దిగి వచ్చి, గుడ్డను నీళ్ళలోంచి లాగి, వెనక వైపు మూసి ఉన్న మూలలు తిరగేశాడు. ఉబ్బని ఐదు గలీబుల్లోనూ మూలమూలనా గంజి చేరి, ఆరి, బంకలా పట్టేసి ఉంది. జాడించినప్పుడు అక్కడిదాకా నీళ్ళు పోలేదు. దిండు గలీబు ఉతికితే మూలలు తిరగేసి చూడాలని ఏ పిల్లనడిగినా చెబుతుంది. నేను పైపైన తడిమి ఊరుకున్నాను. అతను నా వంక చూశాడు, నేను అతని వంక చూశాను.

ఆవిడ మా దగ్గరికి వచ్చింది. "ఏవైందండీ మాస్టారూ? ఎందుకు తెరుచుకోలేదండీ?" అంది. గొంతు తగ్గించి, "నేను ఉతికినందువల్ల ఏమన్నా..." అని ఆగిపోయింది. మొహంలో రక్తం లేదు.

కొడుకు నోరు తెరిచాడు. ఏం చెప్పబోయాడో నాకు తెలియదు, చెప్పనివ్వలేదు.

"మీ ఉతుకుదేముందండమ్మా. నా కుట్టు ఊడిపోయింది" అన్నాను. పెద్దగానే అన్నాను, గట్టు మీద అందరికీ వినపడింది. నవ్వేవాళ్ళు కూడా నవ్వు ఆపి నా వంక చూశారు. పోగు కూడా కదలని ఆ కుట్టు కొడుకు చేతిలోనే ఉంది. అతను గుప్పిట మూసేశాడు.

ఆవిడ గట్టిగా ఊపిరి వదిలింది. మొహంలోకి మెల్లగా రంగు వచ్చింది. క్యారియరు గట్టు మీద పెట్టి, నన్ను ఎగాదిగా చూసి, నేను నొచ్చుకోకుండా ఉండాలని చాలా మర్యాదగా చెప్పింది.

"పోన్లెండి మాస్టారూ, వయసు మీద పడుతోంది కదండీ, చెయ్యి ఒకేలా ఉండదు. నేను శుభ్రంగా ఉతికి గంజి పెట్టబట్టి ఆ రెండు గలీబులైనా తెరుచుకున్నాయండీ."

నా కుట్టును మాటన్నవాళ్ళని నేను ఈ జన్మలో ఊరికే వదల్లేదు. చేతిలో కత్తెర కూడా ఉంది.

"అవునండమ్మా" అన్నాను.